బయోస్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ ఆగిపోతోందా? విడిభాగాలు మార్చే ముందు ఈ వరుస పాటించండి



ప్లస్ టూ అయ్యాక ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలు, వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళు, కంప్యూటర్ ఆటలంటే ఇష్టమున్నవాళ్ళు చాలామంది తయారు కంప్యూటర్ కొనకుండా విడిభాగాలు తెచ్చి కట్టించుకుంటున్నారు. కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం వైపు నుంచి కొందరు విశాఖపట్నం వెళ్ళి కొంటారు, కొందరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. కంపెనీ కంప్యూటర్ అయితే మొత్తానికి ఒకటే వారంటీ ఉంటుంది. కట్టించుకున్నదానికి అలా కాదు. ప్రాసెసర్‌కి ఒకటి, మదర్‌బోర్డుకి ఒకటి, ర్యామ్‌కి ఒకటి. ఏది చెడిందో తేల్చుకోవలసింది మనమే.

ఇలాంటి కంప్యూటర్లలో తరచుగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. నిన్నటిదాకా బాగానే నడిచింది. బయోస్ అప్‌డేట్ చేశారు. అప్పట్నుంచి ఆట మధ్యలో ఆగిపోతోంది, నీలం తెర వస్తోంది, లేదా దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఇంట్లో పెద్దవాళ్ళు "ఆటలాడి పాడుచేశావు" అంటారు. తెలిసినవాళ్ళు "బోర్డు పోయింది, మార్చేయండి" అంటారు. రెండూ తొందరపాటు మాటలే కావచ్చు. ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు ఏ భాగమూ చెడి ఉండదు, సెట్టింగు మారి ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం భాగం నిజంగానే దెబ్బతిని ఉంటుంది. ఏది ఏదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని వరుస ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం.

బయోస్ అంటే ఏమిటి?

ఇంట్లో అందరికంటే ముందు లేచి, పొయ్యి వెలిగించి, మిగతావాళ్ళను ఒక్కొక్కరినే లేపే పెద్దావిడ ఉంటుంది కదా, కంప్యూటర్లో బయోస్ పని అలాంటిది. స్విచ్ నొక్కగానే మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉన్న ఈ ప్రోగ్రాం ముందు లేస్తుంది. ప్రాసెసర్‌కి ఎంత వోల్టేజీ ఇవ్వాలి, ర్యామ్ ఎంత వేగంతో నడవాలి, ఫ్యాన్లు ఎంత తిరగాలి, ఏ డిస్కు నుంచి విండోస్ మొదలవ్వాలి అన్నీ చూసుకుని తర్వాతే విండోస్‌ని లేపుతుంది. ఇలా పరికరంలోనే ఉండే ప్రోగ్రాంని ఫర్మ్‌వేర్ అంటారు.

బయోస్‌లోనే మైక్రోకోడ్ అని ఇంకొకటి ఉంటుంది. ఇది ప్రాసెసర్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే సవరణ. ప్రతిసారీ కంప్యూటర్ మొదలైనప్పుడు ఇది ప్రాసెసర్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి బయోస్ అప్‌డేట్ అంటే విండోస్ అప్‌డేట్ లాంటిది కాదు. వోల్టేజీ, వేగం, వేడి, ఈ మూడింటి లెక్కా మారవచ్చు.

అప్‌డేట్‌తో ఏమేం మారతాయి?

సాధారణంగా పాత సెట్టింగులన్నీ చెరిగిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులు వస్తాయి. దానివల్ల కనిపించే మార్పులు ఇవి.

ఒకటి, ర్యామ్ వేగం. డీడీఆర్5 ర్యామ్ పెట్టె మీద 6000 అని రాసి ఉన్నా ఫ్యాక్టరీ సెట్టింగులో మామూలుగా 4800 దగ్గర నడుస్తుంది. 6000 కావాలంటే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగు ఆన్ చెయ్యాలి. అప్‌డేట్ తర్వాత అది ఆఫ్ అవుతుంది. కంప్యూటర్ నెమ్మదించిందని అనిపిస్తే ముందు ఇది చూడండి. ఇంకో సంగతి. ఈ సెట్టింగు ఓవర్‌క్లాకింగ్ కిందకే వస్తుంది. పాత బయోస్‌లో నడిచిన వేగం కొత్తదాంట్లో నిలకడగా నడుస్తుందన్న హామీ లేదు. నాలుగు ర్యామ్ కడ్డీలు పెట్టినవాళ్ళకి ఈ ఇబ్బంది ఎక్కువ.

రెండు, మొదటిసారి ఆన్ అవడానికి పట్టే సమయం. డీడీఆర్5 ఉన్న బోర్డు అప్‌డేట్ తర్వాత ర్యామ్‌ని కొత్తగా పరీక్షించుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కొన్ని నిమిషాలు పట్టవచ్చు. చనిపోయిందనుకుని మధ్యలో స్విచ్ ఆపేస్తే ఆ పని మళ్ళీ మొదటికొస్తుంది. పావుగంట ఓపిక పట్టండి.

మూడు, ఫ్యాన్ల సెట్టింగు. మీరు పెట్టుకున్నది పోయి బోర్డు సొంతది వస్తుంది. రాయగడ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

నాలుగు, సెక్యూర్ బూట్, టీపీఎం. ఇవి ఆఫ్ అయితే వాలొరెంట్ లాంటి కొన్ని ఆటలు విండోస్ 11లో మొదలవ్వవు. ఇది చెడిపోవడం కాదు, సెట్టింగు మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుంది.

అయిదు, డిస్కు పద్ధతి. కొన్ని బోర్డుల్లో ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీ అనే సెట్టింగు మారిపోతుంది. అప్పుడు విండోస్ డిస్కుని గుర్తుపట్టలేక నీలం తెర చూపిస్తుంది. వెనక్కి మార్చకుండా విండోస్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టకండి, ఉన్న ఫైళ్ళు పోతాయి.

అన్నిటికంటే ముందు: ఫైళ్ళు, 48 అంకెల కీ

కంప్యూటర్ కొంతసేపైనా నడుస్తోందంటే మొదట చేయవలసింది ప్రాజెక్టు రిపోర్టులు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్కులోకో తీసుకోవడం. ఆ తర్వాతే మిగతా పని.

రెండోది చాలామందికి తెలియదు. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా కంప్యూటర్లలో డిస్కు దానంతటదే తాళం వేసుకుంటుంది. దాని పేరు బిట్‌లాకర్. ఆ తాళంచెవి టీపీఎంలో ఉంటుంది. బయోస్ మారగానే "ఇది అదే కంప్యూటరా?" అని అనుమానపడి, 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసి, నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఖాతా పిల్లవాడి పేరున ఉందా, తండ్రి పేరున ఉందా, కంప్యూటర్ కట్టిచ్చినవాళ్ళ పేరున ఉందా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

కొన్ని ఏఎండీ బోర్డుల్లో అప్‌డేట్ తర్వాత నల్ల తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. టీపీఎంని రీసెట్ చెయ్యాలంటే వై నొక్కమని, వద్దంటే ఎన్ నొక్కమని అడుగుతుంది. రికవరీ కీ చేతిలో లేకుండా వై నొక్కవద్దు.

పరీక్షించే వరుస

నియమం ఒక్కటే. ఒకసారికి ఒకే మార్పు. మార్చాక పరీక్షించాలి, ఫలితం రాసుకోవాలి, ఆ తర్వాతే ఇంకో మార్పు. పిల్లలూ, సైన్సు ప్రయోగంలో మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్క అంశాన్నే మారుస్తాం కదా, ఇదీ అంతే. ర్యామ్ వేగం తగ్గించి, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి, విండోస్ అప్‌డేట్ కూడా ఒకే సాయంత్రం చేస్తే, కంప్యూటర్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. మళ్ళీ చెడితే మళ్ళీ మొదటికే.

మొదటి మెట్టు: రాసుకోవడం. పాత బయోస్ వెర్షన్, కొత్త వెర్షన్, అప్‌డేట్ చేసిన తేదీ. ఎప్పుడు ఆగుతోంది? ఆట ఆడుతుంటేనా, ఏ పనీ లేక ఖాళీగా ఉన్నప్పుడా, పొద్దున్నే మొదటిసారి ఆన్ చేసినప్పుడా? నీలం తెర మీద ఏ మాటలున్నాయి? ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

రెండో మెట్టు: బయోస్‌లోకి వెళ్ళి ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ ఎంచుకోండి. అంతకుముందు ఆ పేజీలన్నీ ఫొటో తీసుకోండి, డిస్కు పద్ధతి ఉన్న పేజీ ముఖ్యంగా. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో, అండర్‌వోల్టింగ్, ఓవర్‌క్లాకింగ్ అన్నీ ఆఫ్‌లో ఉండాలి. డిస్కు పద్ధతి మాత్రం ముందున్నదే ఉండాలి. ఈ స్థితిలో రెండు మూడు రోజులు మామూలుగా వాడండి.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. డిఫాల్ట్ సెట్టింగుల్లో కంప్యూటర్ ఆగకుండా నడిస్తే భాగాలు చాలావరకు బాగున్నట్టే. అప్పుడు ర్యామ్ వేగాన్ని ఆన్ చేసి చూడండి. మళ్ళీ ఆగితే 6000 బదులు 5600 పెట్టి చూడండి. నాలుగు వందలు తగ్గినందుకు ఆటలో తేడా కంటికి కనబడటం కష్టం. నిలకడ మాత్రం వస్తుంది.

మూడో మెట్టు: డిఫాల్ట్‌లో కూడా ఆగుతుంటే ర్యామ్ పరీక్ష. మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంని పెన్‌డ్రైవ్‌లో వేసి దాని నుంచే కంప్యూటర్ మొదలుపెట్టండి. కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఈ పరీక్షలో గొప్ప సౌకర్యం ఏమిటంటే అక్కడ విండోస్ ఉండదు, డ్రైవర్లు ఉండవు. అక్కడ తప్పు చూపిస్తే విండోస్‌ని అనుమానించనక్కరలేదు. ఒక్క తప్పు వచ్చినా పరీక్ష తప్పినట్టే లెక్క. అప్పుడు కరెంటు ప్లగ్ తీసేసి, ర్యామ్ కడ్డీల్లో ఒక్కటే ఉంచి, బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. తర్వాత రెండోది. ఒకటి తప్పి ఒకటి నెగ్గితే దొంగ దొరికినట్టే. రెండూ తప్పితే ర్యామ్ కంటే బోర్డు మీదో ప్రాసెసర్ మీదో అనుమానం పెరుగుతుంది.

నాలుగో మెట్టు: వేడి, తీగలు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ప్రాసెసర్ వేడి చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి, మదర్‌బోర్డుకి వెళ్ళే కరెంటు కనెక్టర్లు పూర్తిగా లోపలికి కూర్చున్నాయా చూడండి. దుమ్ము దులపండి.

అయిదో మెట్టు: డ్రైవర్లు. బోర్డు కంపెనీ సైట్ నుంచి చిప్‌సెట్ డ్రైవర్, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్. రెండూ ఒకే రోజు వద్దు.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్ పవర్ 41" అని కనిపిస్తే పవర్ సప్లై పోయిందని చాలామంది అనేస్తారు. దానర్థం అది కాదు. కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆగలేదు అన్నంతవరకే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. అదే చోట "డబ్ల్యూహెచ్‌ఈఏ" అన్న పేరుతో తప్పులు కనిపిస్తే మాత్రం అది హార్డ్‌వేర్ వైపు వేలు చూపిస్తున్నట్టు.

భాగం నిజంగానే దెబ్బతిన్న కథ: ఇంటెల్ 13, 14 తరాలు

"సెట్టింగే అయ్యుంటుంది" అని ఎప్పుడూ ధీమాగా ఉండలేం. దానికి ఈ మధ్యకాలంలో పెద్ద ఉదాహరణ ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. 13వ తరం 2022 అక్టోబరులో, 14వ తరం 2023 అక్టోబరులో అమ్మకానికొచ్చాయి. ఆటలు మొదలవుతూనే ఆగిపోతున్నాయని ఎన్నో దేశాల నుంచి ఫిర్యాదులొచ్చాయి. తెర మీద చాలాసార్లు కనిపించిన సందేశం "వీడియో మెమరీ చాలలేదు" అని. దాన్ని నమ్మితే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. కాని తప్పు కార్డుది కాదు, ప్రాసెసర్‌ది.

2024 జులైలో ఇంటెల్ కారణం చెప్పింది. మైక్రోకోడ్‌లోని లోపం వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోంది. దానివల్ల లోపలి సర్క్యూట్ కాలక్రమంలో అరిగిపోతోంది. 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ వచ్చింది. అది వోల్టేజీ కోరికను 1.55 వోల్టులు దాటనివ్వదు. సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చింది. కంప్యూటర్ ఖాళీగా, తేలిక పనిలో ఉన్నప్పుడు కూడా ఎక్కువ వోల్టేజీ అడగకుండా అది చూస్తుంది. 2025లో 0ఎక్స్12ఎఫ్ కూడా వచ్చింది. ఇవన్నీ బయోస్ అప్‌డేట్ ద్వారానే చేరతాయి.

ఇక్కడ అర్థం చేసుకోవలసింది ఒకటుంది. ఈ అప్‌డేట్ ఇకముందు నష్టం జరగకుండా ఆపుతుంది, ఇప్పటికే జరిగిన నష్టాన్ని బాగుచేయదు. కాబట్టి ముందే అరిగిన ప్రాసెసర్ అప్‌డేట్ తర్వాత కూడా ఆగిపోతూనే ఉంటుంది. చూసేవాళ్ళకి "అప్‌డేటే పాడుచేసింది" అనిపిస్తుంది. అలాంటప్పుడు ప్రాసెసర్ మార్పించుకోవడమే దారి. ఇందుకోసం ఇంటెల్ పెట్టెలో అమ్మిన ఈ ప్రాసెసర్ల వారంటీని మరో 2 ఏళ్ళు పెంచి, కొన్న తేదీ నుంచి మొత్తం 5 ఏళ్ళు చేసింది. 2023లో కొన్నవాళ్ళకి 2028 దాకా ఉంటుందన్నమాట. ఐ9లు, ఐ7లు, ఐ5లో 13600కె, 14600కె రకాలు ఈ జాబితాలో ఉన్నాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఈ లోపం లేదని కంపెనీ చెప్పింది. మీ కంప్యూటర్లో ఏ మైక్రోకోడ్ ఉందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో చూపిస్తుంది.

ఏఎండీ వైపు కూడా 2023లో ఒకటి జరిగింది. కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు బోర్డు మీదే కాలిపోయాయి. ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీ ఎక్కువగా ఇవ్వడం ఇందులో ముఖ్య సంగతి. తర్వాత వచ్చిన బయోస్‌లు దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టేశాయి.

పాత బయోస్‌కి వెళ్ళిపోవచ్చా?

కొన్ని సందర్భాల్లో వెళ్ళొచ్చు. కొత్త బయోస్‌లోనే లోపముంటే అదే పరిష్కారం కూడా. కాని పైన చెప్పిన ప్రాసెసర్లు ఉన్నవాళ్ళు 0ఎక్స్12బి కంటే పాత మైక్రోకోడ్ ఉన్న బయోస్‌కి వెళ్ళవద్దు. రైజెన్ 7000 వాళ్ళు 1.3 వోల్టుల కట్టడికి ముందున్న వెర్షన్‌కి వెళ్ళవద్దు. "పాతదాంట్లో బాగా నడిచింది" అన్నది నిజమే కావచ్చు, అరుగుదల కూడా ఆ రోజుల్లోనే జరిగి ఉండవచ్చు. కొన్ని బోర్డులు అసలు వెనక్కి వెళ్ళనివ్వవు. ఒక్కోసారి ముందుకు వెళ్ళడమే మేలు. మీ బోర్డుకి అంతకంటే కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి.

మన ఊళ్ళ కరెంటు

బయోస్ రాస్తున్న ఆ అయిదు పది నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు. మన కొండ ప్రాంతంలో వేసవి సాయంత్రాల ఉరుములు, మెరుపులు, వానాకాలం గాలులు అందరికీ తెలిసినవే. మబ్బు పట్టినప్పుడు అప్‌డేట్ పెట్టకండి. పొద్దున్నపూట, యూపీఎస్ మీద చేయండి. ఒకవేళ మధ్యలో ఆగిపోతే బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ అనే బటన్ ఉందేమో చూడండి. ఉంటే పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ బయోస్ ఎక్కించవచ్చు. బోర్డు పుస్తకంలో పద్ధతి ఉంటుంది.

ఆట ఆడేటప్పుడే కంప్యూటర్ టక్కున ఆరిపోతుంటే యూపీఎస్‌ని కూడా అనుమానించండి. 600 వీఏ అని రాసిన చిన్న యూపీఎస్‌లు చాలావాటిల్లో మోయగలిగేది 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఆట మధ్యలో అంతకంటే ఎక్కువ లాగగలదు. యూపీఎస్ కూతపెట్టి ఆపేస్తే బయోస్‌ని తిట్టి లాభం లేదు. ఒక రోజు యూపీఎస్ లేకుండా, మంచి ఎర్తింగ్ ఉన్న సాకెట్‌కి నేరుగా పెట్టి చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే అది ఎర్తింగ్ లోపం. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కంప్యూటర్ సంగతి తర్వాత. కంప్యూటర్ తెరిచే ప్రతిసారీ ప్లగ్ పూర్తిగా తీసేయాలి. పవర్ సప్లై పెట్టెని మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీసినా దాని లోపల ప్రమాదకరమైన కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

బయోస్ అప్‌డేట్ చేయడం తప్పు కాదు. పైన చూశారు కదా, కొన్ని ప్రాసెసర్లకు అది చేయకపోవడమే ప్రమాదం. పిల్లవాడు ఏం మార్చాడో భయపడకుండా చెప్పగలిగితే సగం పని అయినట్టే. తిడతారని దాచిపెడితే రిపేరుచేసేవాళ్ళకి తప్పు దారి దొరుకుతుంది, డబ్బు వృథా అవుతుంది. అలాగని కారణం తెలియకుండా కొత్త భాగం కొనకండి. ముందు ఉచిత పరీక్షలు, తర్వాత తెలిసినవాళ్ళ ర్యామో పవర్ సప్లయో ఒకరోజు అరువు తెచ్చి పెట్టి చూడటం, ఆ తర్వాత వారంటీ, చివరికి కొనడం. ఈ క్రమం తప్పవద్దు.

ఏ పరీక్షకీ తేలకపోతే విశాఖ వెళ్ళి రావడానికి ఒక రోజు పోతుంది. ఆ రోజు వృథా కాకుండా ఇవి వెంట తీసుకెళ్ళండి:

- ప్రతి భాగం కొన్న బిల్లు, ప్రాసెసర్ పెట్టె. సీరియల్ నంబరు పెట్టె మీద ఉంటుంది, పారేయకండి.
- పాత, కొత్త బయోస్ వెర్షన్లు, మైక్రోకోడ్ నంబరు.
- నీలం తెరల ఫొటోలు, తేదీలతో.
- మెమ్‌టెస్ట్86 ఫలితం ఫొటో.
- ఏ రోజు ఏం మార్చారు, ఏమయింది అని రాసుకున్న కాగితం.
- బిట్‌లాకర్ రికవరీ కీ ఇంట్లోనే ఉంచండి. అడిగితే మీరే టైపు చేయండి, కాగితం ఇచ్చి రాకండి.

ఈ కాగితాలతో వెళ్ళినవాళ్ళకి "బోర్డు మార్చేద్దాం" అన్న మాట ఎదురైతే, "డిఫాల్ట్ సెట్టింగుల్లో, ఒక్క ర్యామ్‌తో ఇలా అయింది, మరి బోర్డే అని ఎలా తేల్చారు?" అని అడగడానికి వీలుంటుంది.